స్కానింగ్‌లో ఏమీ లేదన్నారు, మరి పిల్లవాడు ఎందుకిలా ఉన్నాడు?

సత్యనారాయణపురం_అమ్మ
మా అబ్బాయికి పదకొండేళ్ళు, ఆరో తరగతి. పోయిన ఆదివారం పొద్దున విజయవాడలో బీఆర్‌టీఎస్ రోడ్డు దగ్గర ఖాళీ స్థలంలో క్రికెట్ ఆడుతున్నారు. బంతి గాల్లోకి లేచింది. దాన్ని పట్టుకుందామని వీడూ ఇంకో పిల్లవాడూ పైకే చూస్తూ పరుగెత్తి తలలు ఢీకొన్నారు. స్పృహ తప్పలేదు, ఇంటికి తనే నడిచి వచ్చాడు. ఎడమ కణత పైన నిమ్మకాయంత బొప్పి. ఇడ్లీ తిన్నాడు, అరగంటకు వాంతి చేసుకున్నాడు. భయం వేసి ఒక ఆసుపత్రికి తీసుకెళ్ళాం. తలకు సీటీ స్కాన్ తీసి "ఏమీ లేదు, తీసుకెళ్ళండి" అన్నారు. చీటీ మీద ఒక మాత్ర పేరు రాశారు, అంతే.

ఇవాళ గురువారం. ట్యూబులైటు వేస్తే కళ్ళు మూసుకుంటున్నాడు. టీవీ చప్పుడుకు చెవులు మూసుకుంటున్నాడు. నిన్న రాత్రి సాంఘిక శాస్త్రం పుస్తకంలో ఒకే పేరా మూడుసార్లు చదివి, "అమ్మా, కింది లైనుకు వచ్చేసరికి పై లైను పోతోంది" అని ఏడ్చాడు. వీడు చిన్నదానికి ఏడ్చే రకం కాదు.

శనివారం వారాంతపు పరీక్ష. మావారు నటన అంటున్నారు. అత్తయ్యగారు దిష్టి అంటున్నారు. బడివాళ్ళు "స్కాన్ మామూలుగా ఉంది కదా, పంపించండి" అంటున్నారు. ఏమీ లేకపోతే ఇదంతా ఏమిటి?

బందరుకాలువ
పరీక్ష శనివారం, తలనొప్పి గురువారం. నాకు కూడా చిన్నప్పుడు ఇదే జబ్బు ఉండేది. ఆదివారం పొద్దునకు తగ్గిపోయేది.

సత్యనారాయణపురం_అమ్మ
బందరుకాలువ గారూ, తలనొప్పి పోయిన ఆదివారం నుంచే ఉంది. పరీక్ష సంగతి బుధవారం గానీ చెప్పలేదు.

డార్క్‌రూమ్
స్కానింగ్ గదిలో ఇరవై రెండేళ్ళుగా పనిచేస్తున్నాను. చిత్రం తీసేది నేను, చదివేది డాక్టరు. అయినా "స్కాన్‌లో ఏమీ లేదు" అన్న మాటను బయట బల్ల మీద కూర్చున్న తల్లిదండ్రులు ఎలా వింటారో రోజూ చూస్తాను. "పిల్లవాడికి ఏమీ కాలేదు" అని వింటారు. ఆ రెండూ ఒకటి కావు.

సీటీలో కనిపించేవి ఎముక విరగడం, లోపల రక్తం కారడం, పెద్ద వాపు. మీ అబ్బాయికి అవి లేవు. అది నిజంగా సంతోషించాల్సిన మాట. కానీ కంకషన్ అంటే మెదడు అదిరి, దాని పని కొన్నాళ్ళు దారి తప్పడం. అది చిత్రంలో పడదు. వీధిలో ఓల్టేజి తక్కువైన రోజు ఫొటో తీయండి. స్తంభాలు నిలబడే ఉంటాయి, తీగలు తెగి ఉండవు, ట్రాన్స్‌ఫార్మరు దాని చోట అది ఉంటుంది. ఇంట్లో ఫ్యాను మాత్రం తిరగదు.

వెలుతురు పడకపోవడం, చదివింది నిలవకపోవడం, ఊరికే ఏడుపు రావడం నటన కాదు. మళ్ళీ డాక్టరుకు చూపించండి. మళ్ళీ స్కాన్ కోసం కాదు, పిల్లవాణ్ణి చూడటం కోసం.

కొండమెట్లు
ఇలాంటి చర్చలు చూసే జనం ప్రతి దెబ్బకూ ఆసుపత్రికి పరుగెడుతున్నారు. మాది మొగల్రాజపురం కొండ మీద ఇల్లు. రోడ్డు నుంచి మా గుమ్మానికి నూట పన్నెండు మెట్లు. మా ఇంట్లో ముగ్గురు పిల్లలూ ఆ మెట్ల మీద పడే నడక నేర్చుకున్నారు. నేనూ అంతే, మా నాన్నా అంతే. ఏమైంది మాకు?

రైల్వేక్వార్టర్స్
ఏమైందో మీ ఇంట్లోవాళ్ళను అడగాలి.

నానమ్మను_నేనే
స్పృహ తప్పలేదు అంటున్నావు కదమ్మా, అయితే భయం లేదు. ఇంకో సంగతి. బొప్పి బయటికి కట్టింది అంటే మంచిదే. లోపలికి కట్టినదే ప్రమాదం. మేము చీరకొంగు ఉండ చుట్టి, నోటితో వెచ్చగా ఊది కాపడం పెట్టేవాళ్ళం. ఒక పూటకు దిగిపోయేది. వాంతి కూడా మంచికే, లోపలిది పోయింది. కానీ నిద్రపోనివ్వకూడదు. ఆ రాత్రి నిద్రపోనిచ్చారా?

సత్యనారాయణపురం_అమ్మ
అదే పెద్ద గొడవండీ. ఆ రాత్రి అత్తయ్యగారు ఒంటిగంట దాకా వాణ్ణి పడుకోనివ్వలేదు. కళ్ళు మూతలు పడుతుంటే చల్లనీళ్ళు చల్లారు. వాడు గోడకు ఆనుకుని కూర్చుని ఏడుస్తూ "నన్ను వదిలేయండి" అన్నాడు. అలా మెలకువగా ఉంచినందుకే ఇప్పుడిలా ఉన్నాడేమోనని నా అనుమానం.

రాత్రిడ్యూటీ
గుంటూరులో క్యాజువాలిటీలో నర్సును. నానమ్మగారూ, మీ మాటల్లో ఒకటి ఉంచి మిగతావి తీసేస్తాను, కోప్పడకండి.

స్పృహ తప్పడం అవసరం లేదు. కంకషన్ అయిన పిల్లల్లో ఎక్కువమందికి స్పృహ తప్పదు. బొప్పి బయటికి కడితే లోపల క్షేమం అన్నది కూడా నిజం కాదు. బొప్పి చర్మానికీ ఎముకకూ మధ్య కట్టేది. లోపల ఏమైందో దానికి తెలియదు. వాంతి మంచికి కాదు. ఒకసారి అయితే చాలామంది పిల్లలకు ప్రమాదం ఉండదు, మళ్ళీ మళ్ళీ అయితే పరుగెత్తాలి.

నిద్ర గురించి: డాక్టరు చూసి పంపించాక, పిల్లవాడు మామూలుగా మాట్లాడుతుంటే పడుకోనివ్వాలి. మెదడు కోలుకునేది నిద్రలోనే. ఎవరూ చూడకముందే మత్తుగా జారిపోతుంటే అది వేరే సంగతి. అది నిద్ర కాదు, లేపితే లేవడం లేదన్నదే అక్కడి భయం. పాతకాలంలో స్కాన్లు లేవు కాబట్టి మెలకువగా ఉంచి గమనించేవారు. కారణం పోయింది, అలవాటు మిగిలింది. అమ్మా, ఒక రాత్రి నిద్ర చెడినంత మాత్రాన ఇన్ని రోజులు ఇలా ఉండడు. అత్తగారి మీద నెట్టకండి.

ఇక ఉంచేది చీరకొంగు. వేడి కంటే గుడ్డలో చుట్టిన ఐసు ముక్క నయం. కానీ తల్లి దగ్గర కూర్చుని ఊదుతుంటే పిల్లవాడి ఏడుపు ఆగుతుంది. దానికి మందు లేదు.

నానమ్మను_నేనే
కోపం ఎందుకమ్మా. ఐసు మా ఇంట్లో 1985 దాకా లేదు, కొంగు ఉంది.

పాత_ఆఫ్‌స్పిన్నర్
కొండమెట్లు గారు "ఏమైంది మాకు" అన్నారు. క్రికెట్ చూసినవాళ్ళు ఆ మాట అనలేరు.

1962లో బార్బడోస్‌లో వెస్టిండీస్ బౌలర్ గ్రిఫిత్ బంతి నారీ కాంట్రాక్టర్ తలకు తగిలింది. అప్పుడాయన మన కెప్టెన్. పుర్రె పగిలింది, ఆపరేషన్లు అయ్యాయి, వెస్టిండీస్ కెప్టెన్ ఫ్రాంక్ వోరెల్ రక్తం ఇచ్చాడు. ప్రాణం దక్కింది కానీ మళ్ళీ టెస్టు ఆడలేదు. 1998 ఫిబ్రవరిలో ఢాకాలో మన మాజీ ఆటగాడు రమణ్ లాంబా హెల్మెట్ లేకుండా, బ్యాటర్‌కు బాగా దగ్గరగా, షార్ట్ లెగ్‌లో నిలబడ్డాడు. బంతి తలకు తగిలింది. లేచి, తన కాళ్ళ మీద తనే మైదానం బయటికి నడిచాడు. తర్వాత స్పృహ పోయింది, మూడు రోజులకు చనిపోయాడు. తనే నడిచి వచ్చాడు కాబట్టి ఫరవాలేదు అని ఎవరన్నా నాకు లాంబా గుర్తొస్తాడు.

అది లోపలి రక్తస్రావం. ఈ అబ్బాయి సంగతి అది కాదు, స్కాన్ తీశారు కదా. వీడి సంగతి ఆస్ట్రేలియా బ్యాటర్ స్టీవ్ స్మిత్‌కు దగ్గర. 2019 ఆగస్టు, లార్డ్స్. ఇంగ్లండ్ బౌలర్ ఆర్చర్ బంతి మెడకు తగిలి పడిపోయాడు. పరీక్షలు చేస్తే బాగానే ఉన్నాడన్నారు, మళ్ళీ వచ్చి బ్యాటింగ్ చేసి 92 దగ్గర అవుటయ్యాడు. తెల్లారి లేచేసరికి తలనొప్పి, మత్తు. ఆ టెస్టులో ఇక ఆడలేదు, తర్వాతి టెస్టు కూడా ఆడలేదు. ఆయన బదులు లబుషేన్ దిగాడు. తలకు దెబ్బ తగిలినవాడి బదులు ఇంకొకరిని దింపే ఈ కంకషన్ సబ్‌స్టిట్యూట్ పద్ధతి ఐసీసీ ఆ నెల మొదటి తారీకు నుంచే మొదలుపెట్టింది. చుట్టూ డాక్టర్లు ఉన్న స్మిత్‌కే మర్నాడు బయటపడితే, మన పిల్లలకు ఇంటికొచ్చిన తర్వాత బయటపడటంలో వింత ఏముంది?

బందరుకాలువ
2020లో కాన్‌బెర్రాలో జడేజాకు తలకు తగిలితే అతని బదులు చాహల్ వచ్చి మూడు వికెట్లు తీశాడు. ఆ బంతి జడేజాకు తగిలింది, నొప్పి ఆస్ట్రేలియాకు వచ్చింది.

అమ్మా, నా మొదటి మాట వెనక్కి తీసుకుంటున్నాను. తొందరపడ్డాను.

కొండమెట్లు
మాస్టారూ, అంతర్జాతీయ బౌలర్ల బంతులతో మా మెట్లను పోల్చకండి. నేను అన్నది ఒక్కటే. దెబ్బ తగిలిన ప్రతి పిల్లవాడికీ సీటీ తీయించి డబ్బు గుంజుతున్నారు. మా రెండోవాడికి నుదురు కొట్టుకుపోతే నేను వెళ్ళిన చోట ముందు స్కాన్ బిల్లు కట్టమన్నారు, తర్వాతే పిల్లవాడి మొహం చూశారు. ఇది అబద్ధమా?

డార్క్‌రూమ్
అబద్ధం కాదు. ఈ మాటలో నేను మీ పక్షం.

ఉత్తర అమెరికాలో 25 ఆసుపత్రులలో 42 వేల పైచిలుకు పిల్లలను పరిశీలించి, ఎవరికి సీటీ అక్కర్లేదో తేల్చే పద్ధతి ఒకటి తయారుచేశారు. 2009లో లాన్సెట్‌లో వచ్చింది. పేరు పీకార్న్. పిల్లవాడి తీరు మారిందా, స్పృహ తప్పిందా, ఎంత ఎత్తు నుంచి పడ్డాడు, వాంతులున్నాయా, తలనొప్పి తీవ్రమా, పుర్రె విరిగిన గుర్తులున్నాయా అని చూస్తారు. ఏవీ లేకపోతే స్కాన్ వద్దు. మధ్యస్థంగా ఉంటే కొన్ని గంటలు కళ్ళముందు ఉంచుకుని గమనించవచ్చు. తల సీటీ ఒక్కటి తీస్తే సుమారు 2 మిల్లీసీవర్టుల రేడియేషన్. మనకు ప్రకృతి నుంచి ఏడాది పొడవునా అందేదానికి కాస్త అటూ ఇటూ. ఒకసారికి కొంపలు మునగవు, కానీ పిల్లలకు ఊరికే ఇవ్వకూడదు.

తల్లిదండ్రులు కూడా తక్కువ తినలేదు. డాక్టరు "గమనిద్దాం, స్కాన్ వద్దు" అంటే "ఈయనకు ఏమీ తెలియదు" అని పక్క వీధిలో తీయించుకునేవాళ్ళను వారానికి ఇద్దరిని చూస్తాను.

ఇద్దరుకవలలు
మా చిన్నది ఏడాదిన్నరప్పుడు మంచం మీద నుంచి పడింది. డాక్టరుగారు మొదట అడిగింది మంచం ఎత్తు. నాకు తెలియదు! అప్పుడు మా తమ్ముడికి ఫోన్ చేసి ఇంట్లో టేపుతో కొలిపించాను. అడుగున్నర. బొప్పి ఎక్కడుందో చూశారు, నుదురు మీద. నాలుగు గంటలు ఉంచుకుని పంపేశారు. స్కాన్ తీయలేదని మా నాన్నగారు నెల రోజులు సణిగారు.

రాత్రిడ్యూటీ
రెండేళ్ళలోపు పిల్లలకు మూడడుగుల కంటే ఎత్తు నుంచి పడితే ఎక్కువ జాగ్రత్త పడతారు, అందుకే అడిగారు. ఆ వయసులో నుదుటి బొప్పి కంటే తల పక్కనా వెనకా కట్టే మెత్తటి బొప్పి అనుమానించదగ్గది. మాటలు రాని పిల్లలు ఎంతకీ ఏడుపు ఆపకపోయినా, పాలు తాగకపోయినా అది కూడా గుర్తే.

మీ అందరి వంటింటి తలుపు మీద అతికించుకోవాల్సినవి చెబుతాను. తలనొప్పి తగ్గకుండా పెరుగుతూ పోవడం, ఆగని వాంతులు, లేపితే లేవకపోవడం, ఒక కంటిపాప పెద్దగా ఇంకోటి చిన్నగా ఉండటం, మాట ముద్దగా రావడం, ఒక చెయ్యో కాలో బలం తగ్గడం, మనుషులను గుర్తుపట్టకపోవడం, ఫిట్స్. వీటిలో ఏ ఒక్కటి వచ్చినా 108కి ఫోన్ చేయండి. ఫిట్స్ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టండి. చేతిలో తాళాల గుత్తి పెట్టకండి, ముక్కు దగ్గర ఉల్లిపాయ పెట్టకండి, నోట్లో చెంచా అసలు పెట్టకండి. గాయం మీద కాఫీ పొడి కూడా వద్దు. కుట్లు వేయడానికి ముందు ఆ పొడి కడగడానికే మాకు అరగంట పడుతుంది.

రైల్వేక్వార్టర్స్
కాఫీ పొడి రక్తం ఆపుతుంది కదా?

రాత్రిడ్యూటీ
శుభ్రమైన గుడ్డతో పది నిమిషాలు అదిమి పట్టుకుంటే అదీ ఆపుతుంది. కాఫీ తాగడానికి మిగులుతుంది.

మిరపయార్డు
గుంటూరు నుంచి. మా అన్నయ్య కూతురికి బ్రహ్మానందరెడ్డి స్టేడియం దగ్గర సైకిలు మీద నుంచి పడి ఇలాగే అయింది. ఎవరో చెప్పారని పదిహేను రోజులు చీకటి గదిలో ఉంచారు. ఫోను లేదు, పుస్తకం లేదు, స్నేహితులు లేరు. బయటికి వచ్చేసరికి పిల్ల సగమైంది, దిగులు పట్టింది. తలనొప్పి అలాగే ఉంది. పూర్తి విశ్రాంతి మంచిదేనా?

రాత్రిడ్యూటీ
ఒకప్పుడు అలాగే చెప్పేవారు. ఇప్పుడు ఒకటి రెండు రోజులు మాత్రమే. ఆ రెండు రోజులూ ఫోనూ టీవీ బాగా తగ్గించాలి. ఆ తర్వాత ఇంటి చుట్టూ నడక, కాసేపు చదువు, తలనొప్పి బాగా పెరిగితే ఆపడం, తగ్గాక మళ్ళీ మొదలుపెట్టడం. ఎక్కువమంది పిల్లలు నాలుగు వారాలలోపు మామూలవుతారు. చీకటి గది శిక్ష, చికిత్స కాదు.

కృష్ణలంక_నాన్న
మాత్రల గురించి ఎవరైనా చెప్పండి. మా వాడికి ఇంట్లో ఉన్న పెద్దవాళ్ళ తలనొప్పి మాత్ర సగం వేశాం ఒకసారి.

రాత్రిడ్యూటీ
పిల్లలకు ఆస్పిరిన్ వద్దు. పారాసెటమాల్ బరువును బట్టి, డాక్టరు చెప్పినంత. రోజుల తరబడి మాత్ర మీద మాత్ర వేస్తే ఆ మాత్రల వల్లే తలనొప్పి వస్తుంది. మాత్ర వేసి పరీక్షకు పంపేవాళ్ళున్నారు, అందుకే చెబుతున్నాను.

సత్యనారాయణపురం_అమ్మ
అందరికీ ఒక సంగతి చెప్పాలి. ఇవాళ వేరే పిల్లల డాక్టరు దగ్గరికి వెళ్ళి వచ్చాం. మావారు రానన్నారు, నేను ఈ చర్చ చదివి వినిపించాక వచ్చారు. అక్కడ జరిగింది ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

డాక్టరుగారు స్కాన్ కాగితం చూసి పక్కన పెట్టేశారు. తన పెన్ను వాడి ముఖం ముందు అటూ ఇటూ తిప్పారు. కళ్ళు పెన్ను వెంట వెళ్ళి మధ్యలో తడబడ్డాయి, వాడు నుదురు పట్టుకున్నాడు. తర్వాత ఒక పాదం ముందు ఇంకో పాదం పెట్టి, నడుం మీద చేతులు పెట్టుకుని కళ్ళు మూసుకోమన్నారు. పక్కకు తూలి బల్ల పట్టుకున్నాడు. ఆ తర్వాత "వారాల పేర్లు వెనక నుంచి చెప్పు నాన్నా" అన్నారు. "శని... శుక్ర... గురు... మంగళ..." అని ఆగాడు. మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాడు. మళ్ళీ గురువారం దగ్గర ఆగాడు. ఒకటో తరగతిలో ఇంటికి వచ్చినవాళ్ళందరికీ ఎక్కాలు అప్పజెప్పిన పిల్లవాడు. మావారు కిటికీ వైపు తిరిగి నిలబడ్డారు. ఇక నటన అన్న మాట ఆయన నోట రాలేదు.

కంకషన్ అని తేల్చారు. అసలు సంగతి ఇంకా ఉంది. "తల ఒక్కసారే కొట్టుకున్నావా?" అని అడిగితే వీడు నా వైపు చూసి, "రెండుసార్లు. ఒకసారి కొట్టుకుంటే కొమ్ములు మొలుస్తాయని ఇంకోసారి కొట్టించారు" అన్నాడు!

రైల్వేక్వార్టర్స్
అయ్యో రామా. కొమ్ములు!

పాత_ఆఫ్‌స్పిన్నర్
మేమూ కొట్టుకున్నాం. అరవై ఏళ్ళ కిందట సత్యనారాయణపురంలోనే. ఇప్పటికీ నా తలకు ఎవరి తలైనా తగిలితే రెండోసారి ఆనించనిదే నా మనవరాలు ఒప్పుకోదు. నేర్పింది నేనే.

బందరుకాలువ
మా ఆఫీసులో లిఫ్టు దగ్గర మా మేనేజరు తలా నా తలా ఢీకొన్నాయి. రెండోసారి కొట్టుకోవడానికి ధైర్యం చాలలేదు. అప్పటి నుంచి ఆయనకు కొమ్ములు కనిపిస్తూనే ఉన్నాయి.

నానమ్మను_నేనే
అది మెల్లిగా ఆనించడం నాయనా. గట్టిగా గుద్దుకోమని ఎవరూ చెప్పలేదు. మా అమ్మ అయితే దెబ్బ తగిలినచోట తన తలతో ఇలా తాకించి వదిలేది. పిల్లలు నవ్వి ఏడుపు మానేసేవాళ్ళు.

సత్యనారాయణపురం_అమ్మ
నిజమే, మెల్లిగానే తాకించారట. డాక్టరుగారు కూడా నవ్వారు. కానీ నవ్వు ఆపి, "ఇది పూర్తిగా తగ్గకముందు ఇంకో గట్టి దెబ్బ తగలకూడదు. నాకు భయం అదొక్కటే" అన్నారు. ఎందుకో వివరంగా అడగాలంటే భయం వేసింది.

కంకిపాడు_టు_సియాటెల్
ఎందుకో నేను చెబుతాను, మేముండే రాష్ట్రంలోనే జరిగింది. 2006లో జాకరీ లిస్టెడ్ అనే పదమూడేళ్ళ కుర్రాడు అమెరికన్ ఫుట్‌బాల్ ఆడుతూ తల నేలకు కొట్టుకున్నాడు. కాసేపు కూర్చోబెట్టి అదే ఆటలో మళ్ళీ దింపారు. ఆట ముగిసేసరికి కుప్పకూలాడు. మెదడులో రక్తస్రావం, అత్యవసర ఆపరేషన్లు. మాట రావడానికి నెలలు, నిలబడటానికి ఏళ్ళు పట్టింది. 2009లో వాషింగ్టన్ రాష్ట్రం అతని పేరు మీద చట్టం తెచ్చింది. కంకషన్ అనుమానం ఉంటే ఆ రోజు ఆట నుంచి తీసేయాలి, వైద్యుల రాతపూర్వక అనుమతి లేకుండా మళ్ళీ దింపకూడదు. 2014కల్లా అన్ని రాష్ట్రాలూ ఇలాంటి చట్టాలు చేసుకున్నాయి.

ప్రతి ఏడూ ఆటలు మొదలయ్యే ముందు ఒక కాగితం మీద నేనూ మా వాడూ సంతకం పెట్టాలి, కంకషన్ గురించి చదివాం అని. నిజం చెప్పనా? మూడేళ్ళు చదవకుండానే పెట్టాను. ఇక్కడి తల్లిదండ్రులకు అన్నీ తెలుసనుకోకండి.

రాత్రిడ్యూటీ
అమ్మా, భయపడకండి. రెండో దెబ్బకు మెదడు ఒక్కసారిగా ఉబ్బిపోవడం చాలా అరుదు. అరుదు కాని సంగతి ఇంకొకటి. తగ్గకముందు మళ్ళీ తగిలితే నాలుగు వారాలలో పోయేది నాలుగు నెలలు పట్టవచ్చు. ఆటకు తొందర వద్దన్నది ఎక్కువగా దీనికోసం.

కొండమెట్లు
హెల్మెట్ పెట్టుకుని ఆడితే సరిపోదా?

డార్క్‌రూమ్
హెల్మెట్ పుర్రెను కాపాడుతుంది, తప్పకుండా పెట్టాలి. కానీ లోపల మెదడు ఊగకుండా ఆపలేదు. గిన్నెకు ఎంత మందం మూత పెట్టినా, కుదిపితే తోడు పెట్టిన పెరుగు విరుగుతుంది కదా.

హెల్మెట్ మాట వచ్చింది కాబట్టి: బందరు రోడ్డు మీద బండి ట్యాంకు మీద మూడేళ్ళ పిల్లను కూర్చోబెట్టి, తాను మాత్రం హెల్మెట్ పెట్టుకుని వెళ్ళే నాన్నలను రోజూ చూస్తాను. నాలుగేళ్ళలోపు పిల్లలకు కూడా హెల్మెట్, నడుపుతున్నవారికి కట్టే పట్టీ ఉండాలని, వేగం 40 దాటకూడదని 2022లో కేంద్రం నియమం చేసింది. మరుసటి ఏడాది ఫిబ్రవరి నుంచి అమలు. బెంజి సర్కిల్ దగ్గర గంటసేపు నిలబడి ఆ పట్టీలు లెక్కపెట్టండి. ఒక చేతి వేళ్ళు మిగిలిపోతాయి.

కృష్ణలంక_నాన్న
బండి నడిపేటప్పుడు గుచ్చుకున్నట్టయింది. రేపే కొంటాను.

పీఈటీ_మాస్టారు
ఆలస్యంగా చూశాను. పిల్లల ఆటల మాస్టారిని, పందొమ్మిదేళ్ళ సర్వీసు. అందులో మొదటి పదేళ్ళు తల తిరుగుతోందన్న పిల్లలకు గ్లూకోజు నీళ్ళు ఇచ్చి మళ్ళీ ఆటకు దింపినవాణ్ణే. ఒక కబడ్డీ పిల్లవాడు అలా దిగి, కూతకు వెళ్ళి, తన జట్టు వైపు కాకుండా ఎదుటి వైపే నడుచుకుంటూ వెళ్ళిపోయాడు. అందరం నవ్వాం. వాడు నవ్వలేదు. ఆ ముఖం నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టే ఉంది. అదృష్టం, తగ్గిపోయింది.

మీ అబ్బాయి విషయంలో ముందు చదువు, తర్వాత ఆట. బడికి పూర్తిగా వెళ్ళగలిగాకే ఆట మాట. అప్పుడు కూడా మెట్టు మెట్టుగా. మొదట నడక, తర్వాత మెల్లిగా పరుగు, తర్వాత ఒంటరిగా బ్యాటు ఊపడం, తర్వాత జట్టుతో సాధన కానీ ఢీకొనే అవకాశం లేకుండా. అక్కడ ఆగి డాక్టరుకు చూపించి, అప్పుడు మామూలు సాధన, ఆఖరికి మ్యాచ్. ఒక్కో మెట్టుకు కనీసం ఒక రోజు. తలనొప్పి వస్తే ఒక మెట్టు కిందికి.

కొండమెట్లు గారికి మెట్ల సంగతి నేను చెప్పక్కర్లేదు.

కొండమెట్లు
అర్థమైంది మాస్టారూ. మా మూడోవాడు పోయిన నెల పడినప్పుడు రెండు రోజులు అన్నం ముందు కూర్చుని ఊరికే చూసేవాడు. బద్ధకం అని ఒకటి వేశాను కూడా. ఇప్పుడు బాగానే ఉన్నాడు. ఇది చదివాక వాణ్ణి పిలిచి వారాల పేర్లు వెనక నుంచి అడిగాను. చెప్పి, "మీరు చెప్పండి చూద్దాం" అన్నాడు. నేను బుధవారం మర్చిపోయాను.

రైల్వేక్వార్టర్స్
నూట పన్నెండు మెట్లు ఊరికే పోలేదన్నమాట.

ఇద్దరుకవలలు
పరీక్ష ఏమైందమ్మా? బడివాళ్ళు ఒప్పుకున్నారా?

సత్యనారాయణపురం_అమ్మ
డాక్టరుగారు చీటీ మీద రాసిచ్చారు. వారం పాటు పరీక్షలు లేవు, రోజుకు సగం పూట బడి, ప్రతి పీరియడు మధ్యలో కాసేపు కళ్ళు మూసుకుని కూర్చోనివ్వాలి అని. ప్రిన్సిపాల్ గది బయట మావారే నిలబడి మాట్లాడారు. "స్కాన్ మామూలుగా ఉంది కదా" అని వాళ్ళు అనగానే ఆయన కరెంటు స్తంభాల కథ మొదలుపెట్టారు. డార్క్‌రూమ్ గారూ, మీ మాటే మొత్తం చెప్పారు, తనదే అన్నట్టు. ఒప్పుకున్నారు. ర్యాంకుల పట్టికలో మాత్రం గైర్హాజరు వేస్తారట. వేసుకోనివ్వండి.

నిన్న సాయంత్రం చీకటి పడ్డాక మావారూ వాడూ వీధి చివరిదాకా నడిచి వచ్చారు. దారిలో వారాలు వెనక నుంచి చెప్పుకుంటూ వచ్చారట. వాడు ఆదివారం దాకా వచ్చేశాడు, మధ్యలో ఒక్కసారి ఆగి.

అత్తయ్యగారు మాత్రం దిష్టి తీయకుండా ఊరుకోలేదు. ఎండుమిరపకాయలు, ఉప్పు తిప్పి పొయ్యిలో వేశారు. రవ్వంత ఘాటు కూడా రాలేదు. "చూశావా, ఎంత దిష్టి తగిలిందో" అని నా వైపు ఒక చూపు చూశారు. నేనేమీ అనలేదు.

మిరపయార్డు
అమ్మా, మిగతావి నాకు తెలియవు కానీ ఇది నా వ్యాపారం. ఘాటు రాలేదంటే అది దిష్టి కాదు. మీకు ఎవరో రెండేళ్ళ కిందటి కోల్డ్ స్టోరేజీ సరుకు అంటగట్టారు. ఏ కొట్లో కొన్నారు?